కార్డు మార్చాను, మనిషి మారిపోయాడు

బ్యాంకులో కార్డుల బల్ల దగ్గర కూర్చోబోతున్న పిల్లలకు ముందే ఒక మాట చెబుతాను. మీకు ఇచ్చే శిక్షణలో ఫారం ఎలా నింపాలో నేర్పుతారు. వచ్చినవాళ్లను చూసి ఎలా నవ్వాలో కూడా నేర్పుతారు. ఆ ఫారం నింపాక అవతలి మనిషికి ఏమవుతుందో మాత్రం చెప్పరు, ఎందుకంటే చెప్పేవాళ్లకే తెలియదు. నాకూ తెలియదు. గోదావరిఖనిలో ఇరవై ఆరేళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి, అందులో చివరి పదకొండేళ్లు కార్డుల బల్ల దగ్గరే గడిపి, తెలంగాణ వచ్చిన ఏడాది దిగిపోయాను. నాకు వచ్చిన ప్రమోషన్ల సంగతీ రాని ప్రమోషన్ల సంగతీ ఇక్కడ రాయను. అవి నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ పనికిరావు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది మీకు పనికొస్తుంది.

నా పేరు సుజాత. మా నాన్న బెల్లంపల్లి గనిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే మనిషి. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వచ్చేవాడు. అమ్మ ఎంత ఉతికినా ఆ చొక్కా కాలర్ మీద నల్లటి గీత పోయేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి గని మనుషుల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని అనుకునేదాన్ని. ఈ తప్పులో ఆ గర్వానికీ వాటా ఉంది.

షోరూమ్ కార్డు

రెండువేలు దాటిన రెండు మూడేళ్లకు మా చౌరస్తాలో పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్ ఒకటి తెరిచారు. దానితో మా బ్యాంకు ఒప్పందం చేసుకుని ఒక కార్డు పెట్టింది. ఆ కార్డు ఆ ఒక్క షోరూమ్‌లోనే చెల్లుతుంది. ఫ్రిజ్జో టీవీనో కూలరో తీసుకుని నెలనెలా వాయిదా కట్టుకోవచ్చు. గని కంపెనీ జీతం చీటీ చూపిస్తే చాలు, ఇంకో కాగితం అడగకుండా ఇచ్చేవాళ్లం. బొగ్గుగని కార్మికుడి జీతం ఆగదని మా బ్యాంకుకు అంత నమ్మకం. మే నెలలో గోదావరిఖనిలో ఒక్కరోజు ఉన్నవాళ్లకు ఆ కూలర్లు ఎందుకంత అమ్ముడుపోయాయో నేను చెప్పనక్కర్లేదు.

దసరా ముందర, కంపెనీ లాభాల వాటా పడే నెలలో నా బల్ల ముందు నిలబడ్డానికి జాగా ఉండేది కాదు. మొదటి షిఫ్టు ముగించి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినా కనురెప్పల అంచున బొగ్గు మిగిలే ఉండేది. "జల్ది చెయ్యుండ్రి మేడమ్, ఇంటామె షోరూమ్ల ఫ్రిజ్జు మీద చెయ్యేసి నిలవడ్డది, ఇంకొకలు కొంటరేమోనని" అని తొందరపెట్టేవారు. నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. ఇళ్లలోకి చల్లటి నీళ్లు పంపుతున్నానని అనుకునేదాన్ని.

ఐదారేళ్లు గడిచాక పైనుంచి కొత్త హుకుం వచ్చింది. బాగా కడుతున్నవాళ్ల షోరూమ్ కార్డులను పెద్ద కార్డులుగా అప్‌గ్రేడ్ చేయాలి. పెద్ద కార్డు ఎక్కడైనా చెల్లుతుంది, పరిమితి నాలుగింతలు. నెలకు ఇన్ని చేయాలని లెక్క కూడా వచ్చింది. మా మేనేజరు శేషగిరిరావు గారు ఆ లెక్కను తెల్లబోర్డు మీద రాయించి సరిగ్గా నా కుర్చీకి ఎదురుగా పెట్టించారు. తల ఎత్తితే అదే కనిపించేది.

అప్‌గ్రేడ్ అన్న మాట వింటే ఏమనిపిస్తుంది? ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేసినట్టే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ "ఏం లేదన్నా, పాతదే పెద్దగయితది" అని చెప్పాను. ఎన్ని వందలసార్లు చెప్పానో నాకే తెలియదు.

మస్టర్ల బుక్కు

అసలు జరిగేది వేరు. మీరు కట్టిన ప్రతి వాయిదా, కట్టని ప్రతి వాయిదా ఒకచోట నమోదవుతుంది. అన్ని బ్యాంకులూ ఆ వివరాలు అక్కడికి పంపుతాయి, కొత్త అప్పు ఇచ్చేముందు అన్ని బ్యాంకులూ అక్కడే చూస్తాయి. దాన్నే క్రెడిట్ హిస్టరీ అంటారు. మా దగ్గర చాలామంది దాన్ని 'బ్లాక్ లిస్టు' అనేవారు, ఎగ్గొట్టినవాళ్ల పేర్లే అందులో ఉంటాయనుకుని. బాగా కట్టినవాళ్ల పేర్లూ ఉంటాయని చెప్పడానికి నేను గని మాటే వాడేదాన్ని. గనిలో ఒకరోజు హాజరు పడితే ఒక మస్టరు అంటారు. ఏడాదికి ఇన్ని మస్టర్లు పడితేనే బోనస్, ఇన్ని పడితేనే నౌకరి ఖాయం. ఇక్కడ ఒక్కో వాయిదా ఒక్కో మస్టరు. ఎన్నేళ్ల మస్టర్లు ఉంటే మనిషికి అంత విలువ.

కార్డు అప్‌గ్రేడ్ రెండు రకాలుగా జరుగుతుంది. ఒక పద్ధతిలో ఖాతా అదే ఉంటుంది, కార్డు మాత్రం మారుతుంది. ఖాతా మొదలైన తేదీ మారదు, పాత మస్టర్లన్నీ నిలుస్తాయి. ఇంకో పద్ధతిలో పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరుస్తారు. అప్పుడు కొత్తగా అప్పు అడిగినట్టు ఒక విచారణ నమోదవుతుంది, కొత్త బుక్కులో మొదటి మస్టరు నుంచి మొదలుపెట్టాలి. పాత బుక్కు వెంటనే చెరిగిపోదు, మూసిన ఖాతాగా కొన్నేళ్లు కనిపిస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని ఎలా మూశారన్నది ముఖ్యం. బాకీ సున్నా చేసి మూస్తే అది మంచి పేరుగా మిగులుతుంది. ఒక్క వాయిదా ఉండిపోయినా చెడ్డ పేరుగా మిగులుతుంది.

బయటినుంచి చూసేవాళ్లకు ఈ తేడా కనిపించదు. రెండింటికీ ఒకటే నున్నటి కాగితం, ఒకటే 'అభినందనలు'. మా బ్యాంకులో షోరూమ్ కార్డుల ఖాతాలు ఒక విభాగం చూసేది, పెద్ద కార్డులవి హైదరాబాదులోని ఇంకో విభాగం చూసేది. కాబట్టి మాది రెండో పద్ధతి. ఈ విషయాన్ని నన్ను మొదట అడిగింది ఒక టీచరమ్మ. "ఖాతా నంబరు అదే ఉంటదా మేడమ్?" అంది. నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ అనిపించి "ఉంటుంది" అన్నాను. ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, "కనుక్కోని చెప్పుండ్రి, అప్పుడు చేస్త" అని లేచి వెళ్లిపోయింది. రోజూ పిల్లల అబద్ధాలు వినే మనిషి కదా, నాది పట్టేసింది. నేను కనుక్కోలేదు. ఆ రోజు హైదరాబాదుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

ఓటరు కార్డులో పేరు

షోరూమ్ కార్డు తీసుకున్న తొలి పదిమందిలో రాజయ్య ఒకడు. గనిలో కోల్‌కట్టర్. సొంతూరు మంచిర్యాల వైపు జైపూర్ దగ్గరి పల్లె. ఆరేళ్లలో ఒక టీవీ, ఒక కూలర్, ఒక మిక్సీ, ఆఖరున ఒక ఫ్రిజ్జు తీసుకున్నాడు. ఒక్క వాయిదా తప్పలేదు. జీతం పడిన మర్నాడే వచ్చి కట్టేవాడు, రసీదు మీద ముద్ర పడేదాకా అక్కడినుంచి కదిలేవాడు కాదు.

అప్‌గ్రేడ్ ఫారానికి ఫోటో, చిరునామా రెండూ ఉన్న గుర్తింపు కావాలి. కంపెనీ ఇచ్చిన కార్డులో చిరునామా లేదు. "ఓటరు కార్డు తీస్కరా అన్నా" అన్నాను. తెచ్చాడు. అందులో పేరు కొమురయ్య అని ఉంది.

నేను ఆశ్చర్యపోలేదు. మా బొగ్గు బెల్టులో ఇది తెలియనివాళ్లు ఉండరు. ఒకరి పేరు మీద వచ్చిన గని నౌకరిలో ఇంకొకరు దిగుతారు, దిగినవాళ్లు ఆ పేరుతోనే బతుకంతా పని చేస్తారు. మారుపేరు కార్మికులు అంటారు. ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టరు, ఎవరూ ఎవరినీ అడగరు. ఆయనే బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"రాజయ్య అంటె మా బావ మేడమ్. నౌకరి ఆయన పేరు మీద వచ్చింది. మూడు దినాలు దిగిండు. నాలుగో దినం, సంపినా సరే గా చీకట్లకు పోనని ఊరికి ఉరికిండు. ఇంట్ల అందరు నా దిక్కు చూసిన్రు. నేను దిగిన."

"ఎన్నేండ్లాయె?"

"ఇరవై ఏడు. ఇప్పుడు రాజయ్యా అని పిలిస్తెనే మర్లి చూస్త. ఊర్ల కొమురయ్యా అంటె ఎవల్నో పిలుస్తున్నరనుకుంట."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆయన కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "మేడమ్, గీ కొత్త కార్డు మీద నా అసలు పేరు ఏస్తరా?"

ఒక్క నిమిషం ఆలోచించాను. గుర్తింపు కాగితంలో ఉన్నట్టే పేరు రాయాలని ఫారం మీద ఉంది. పాత కార్డుదారులకు జీతం చీటీ మళ్లీ అడగనక్కర్లేదు. నా చేతిలో ఉన్న కాగితం కొమురయ్య అంటోంది, నా ఎదుట కూర్చున్న మనిషి కొమురయ్యే. "ఎందుకు ఎయ్యం అన్నా, ఉన్న పేరే గద" అన్నాను. నిజమైన పేరు రాశాను. నా తప్పు అదే.

పాత కార్డును కస్టమర్ ఎదుటే కత్తెరతో రెండు ముక్కలు చేయాలని రూలు. చేశాను. ఫ్రిజ్జువి ఇంకా నాలుగు వాయిదాలు మిగిలి ఉన్నాయి. "అవి కొత్త కార్డులకు మారుతయి, ఇగ దాని బిల్లే కట్టుకో" అన్నాను.

ఇరవై రోజులకు కొత్త కార్డు వచ్చింది. మరో నెలకు ఆయన పనిగట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, డబ్బు కట్టడానికి కాదు, చెప్పడానికి. "ఊరికి తీస్కపోయిన మేడమ్. మా అవ్వకు కండ్లు కనవడయి. కార్డు మీద పేరు ఉబ్బెత్తుగ ఉంటది గద, ఆమె ఏలు దాని మీద పెట్టిచ్చిన. గిది నీ కొడుకు పేరే అవ్వా అని చెప్పిన. మల్ల మల్ల తడిమింది." నా ఉద్యోగంలో అంత సంతోషపడిన రోజులు తక్కువ. ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పుకున్నాను కూడా.

చింపెయ్యమన్న కాగితం

హైదరాబాదులో ఏం జరిగిందో నాకు చాలా కాలం తెలియలేదు. పాత ఖాతాలో పేరు రాజయ్య, కొత్త ఖాతాలో పేరు కొమురయ్య. రెండు పేర్లు కలవలేదని ఆ నాలుగు వాయిదాల బాకీని కొత్త కార్డులోకి మార్చకుండా తిప్పికొట్టారు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. బాకీ పాత ఖాతాలోనే పడి ఉంది.

కొన్ని నెలలకు రాజయ్య పేరు మీద ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. ఆయన దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని నా దగ్గరికే తెచ్చాడు. లాభాల వాటా పడిన వారం, వెనక పదిహేను మంది నిలబడి ఉన్నారు. పైన పాత కార్డు నంబరు చూశాను, కింద చదవలేదు. "పాతదన్నా, అది ఎప్పుడో మూసేసినం. చింపెయ్" అన్నాను. బ్యాంకు మేడమ్ చెప్పింది కదా, చింపేశాడు. మొదటి తప్పు తెలియక చేశాను. ఇది తెలుసుకోవాలనుకోక చేశాను. రెంటిలో ఇదే పెద్దదని నేను ఇప్పటికీ అంటాను.

కొత్త కార్డు బిల్లు మాత్రం ఆయన ఎప్పటిలాగే కట్టాడు. తెలంగాణ కోసం గనులన్నీ బంద్ పెట్టినప్పుడు ఎవరికీ జీతం లేదు. వాయిదాలు ఆపుకున్నవాళ్లను మేమూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం భార్య లచ్చవ్వ కమ్మలు కుదువపెట్టి తెచ్చి కట్టాడు. "ఇది నా పేరు మీదిది మేడమ్, దీన్ని తప్పనియ్య" అన్నాడు.

బయానా

ఆ బంద్ అయిపోయిన కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఇద్దరూ కూర్చోలేదు. ఆయన ఒక కాగితాల కట్ట నా ముందు పెట్టాడు.

సంగతి ఇది. ఆయనకు ఇంకా మూడేళ్లే సర్వీసు ఉంది. అసలు వయసు ప్రకారమైతే ఏడేళ్లు ఉండాలి. "రాజయ్య బావ నాకన్న నాలుగేండ్లు పెద్దోడు మేడమ్. ఆయన వయసుకు నేను దిగిపోవాలె" అన్నాడు. దిగిపోతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఊళ్లో ఇల్లు లేదు. మంచిర్యాల చివర రెండు గదుల ఇల్లు ఒకటి కుదుర్చుకుని, చిట్టీ ఎత్తి లక్ష రూపాయలు బయానా ఇచ్చారు. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ కాకపోతే బయానా పోతుందని రాసుకున్నారు. ఇంటి అప్పుకు వేరే బ్యాంకుకు వెళ్తే కుదరదన్నారు. రెండు నెలలు అలా తిరగడానికే పోయాయి, ఇంకా ముప్పై ఒక్క రోజులే మిగిలాయి.

ఆ బ్యాంకు వాళ్లు ఇచ్చిన రిపోర్టు చదివాను. రాజయ్య పేరు మీద ఆరేళ్ల నిఖార్సైన మస్టర్లు ఉన్నాయి, చివర నాలుగు గైరుహాజర్లు, దాని కింద 'వసూలు కాని బాకీ' అని ముద్ర. కొమురయ్య పేరు మీద మంచి మస్టర్లు ఉన్నాయి, కానీ అవి రెండు మూడేళ్లవే, పైగా కొమురయ్యకు జీతమూ లేదు, నౌకరీ లేదు. జీతం ఉన్నవాడు ఎగవేతదారు అయ్యాడు, తప్పకుండా కట్టేవాడు పనీపాటా లేనివాడు అయ్యాడు. ఒక్క మనిషిని తీసుకుని ఇద్దరు పనికిమాలినవాళ్లను తయారుచేశాను.

"ఏం తప్పు చేసిండని మేడమ్?" అంది లచ్చవ్వ. "నా చెవులయి అమ్ముకున్నంత పని చేసి కట్టినం. మావోడు ఎగ్గొట్టిండని గా బ్యాంకాయన పదిమందిల అన్నడు."

"ఆయన తప్పు లేదక్కా. నాది" అన్నాను.

ఉరఫ్

హైదరాబాదుకు ఫోన్ చేశాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు, అంతా విని తేలిగ్గా తేల్చేశాడు. "ఒక అఫిడవిట్ పంపించండి మేడమ్. కొమురయ్య ఉరఫ్ రాజయ్య, ఇద్దరూ ఒక్కరే అని స్టాంపు పేపరు మీద రాయించండి. వారంలో రెండు ఖాతాలూ కలిపేస్తాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాటతో పోయేదానికి ఇంత బాధపడ్డామా అనుకున్నాను. మర్నాడు ఆయన్ను పిలిచి చెప్పాను. ఆ మాట వినగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఉరఫా?" అన్నాడు. "స్టాంపు కాగితం మీద ఉరఫ్ అని రాసిస్తె, అది కంపెనీల ఎవల కండ్లల్ల పడ్డా నేను మారుపేరోన్నని తీసేస్తరు. గ్రాట్యుటీ రాదు, పింఛన్ రాదు. ముప్పై ఏండ్లు కిందికి దిగింది అంత గంగల కలుస్తది. ఇల్లు లేకుంటె చెట్టు కింద ఉంట మేడమ్. ఉరఫ్ మాత్రం రాయ."

మిగతావాళ్లకు ఉత్త మాటే అయినది ఆయనకు కొలువు తీసేసే మాట అని గని ఇంట్లో పుట్టిన నాకు తట్టలేదు.

శేషగిరిరావు గారికి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. లెడ్జర్ చదవడం నాకు నేర్పింది ఆయనే, నాకు ఆపరేషన్ అయినప్పుడు నా పని తన మీద వేసుకున్నదీ ఆయనే. కానీ ఆ రోజు ఆయన నా వైపు కాకుండా తెల్లబోర్డు వైపు చూస్తూ మాట్లాడారు. "సుజాత గారూ, మారుపేరు వాళ్ల గొడవ మనకెందుకండీ? బ్రాంచి తప్పని రాసిచ్చారంటే మీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి సార్. ఫారం మీద రాత నాదే" అన్నాను.

మంచి పైఅధికారి ఒక్క పూట పిరికివాడు కావచ్చు. ఆ పూట ఆయన మాట వినకండి, మర్నాటి నుంచి మళ్లీ గౌరవించండి. నేను అలాగే చేశాను.

రూల్సు పుస్తకం నాలుగు రోజులు తిరగేస్తే ఒక దారి దొరికింది. బ్రాంచిలో పేరు తప్పుగా నమోదైతే, ఆ తప్పు చేసిన అధికారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కస్టమర్ నుంచి అఫిడవిట్ అక్కర్లేదు. కొత్త ఖాతాను పాత పేరు కిందికి మార్చి, పాత తేదీతోనే కొనసాగించవచ్చు. దానికి కొమురయ్య పేరుతో ఉన్న కార్డును వెనక్కి తీసుకోవాలి, ఆ పేరు మా లెక్కల్లోంచి పోవాలి. ఆ సంగతి ఆయనకు చెప్పడం అప్పు లేదని చెప్పడంకన్నా కష్టమైంది నాకు.

ఆయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, అందులోంచి కార్డు తీశాడు. "మా అవ్వ పోయినేడాది పాయె. ఇగ ఎవలకు చూపెడుత, తీస్కోండ్రి" అన్నాడు. రూలు రూలే. ఆయన ఎదుటే కోశాను.

ఆ నాలుగు వాయిదాలు ఆయన అప్పటికప్పుడు కట్టాడు, జరిమానా నేను మాఫీ చేయించాను. ఉత్తరం రాశాను. నోటీసు తెచ్చి చూపితే చింపెయ్యమన్నది నేనేనని రాశాను, అది నిజం. బాకీ మారిందో లేదో చూసుకోలేదని రాశాను, అదీ నిజం. దరఖాస్తుదారు పేరు రాజయ్య అని, దాన్ని కొమురయ్య అని రాయడం నా పొరపాటని రాశాను. ఆ ఫారం మీద ఉన్న ఒకే ఒక్క నిజాన్ని పొరపాటన్నాను.

సెలవు పెట్టి, రామగుండంలో పొద్దున రైలెక్కి ఫైలు చేతబట్టుకుని హైదరాబాదు వెళ్లాను. పోస్టులో పంపితే ఏ బల్ల కింద పడుతుందో నాకు తెలుసు. ఆ అధికారి ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. "ఇందులో ఉరఫ్ ఏమీ లేదు కదా మేడమ్?"

"లేదు సార్. నా తప్పు ఒక్కటే ఉంది."

ఆయనకు అర్థమైంది. సంతకం పెట్టాడు.

రిపోర్టులో ముద్ర పోయింది, ఖాతా మొదలైన తేదీ వెనక్కి వచ్చింది, ఆ బ్యాంకు అప్పు ఇచ్చింది. బయానా గడువుకు ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. నాకు చార్జి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆపారు. నేను చేసినదానికి అది చవకే. చట్టం ప్రకారం నేను రాసింది అబద్ధం, దాన్ని మీరూ రాయండని నేను చెప్పను. ఆ ఆదివారం చర్చిలో పది ఆజ్ఞలు చదువుతుంటే అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న తొమ్మిదో దాన్ని నేను పలకలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే ఉత్తరం రాస్తాను.

మీరు చేయాల్సింది

అప్‌గ్రేడ్ చేయమని ఎవరైనా వస్తే, ఖాతా నంబరు మారుతుందా, మొదలైన తేదీ మారుతుందా అని ముందు మీ పైవాళ్లను అడగండి. మారుతుందంటే ఆ మాట కస్టమర్‌కు చెప్పండి. వాళ్లకు అదే ఏడాది ఇంటి అప్పో ఇంకో పెద్ద అప్పో అవసరం ఉందంటే, పాత షోరూమ్ కార్డునే ఉంచుకోమని చెప్పండి. మీ నెల లెక్క ఒకటి తగ్గుతుంది, తగ్గనివ్వండి. మిగిలిన బాకీ మారిందని కాగితం వచ్చేదాకా పాత వాయిదా కట్టించండి, కత్తెర ముట్టుకోకండి. రెండు మూడు నెలలయ్యాక రిపోర్టు తెప్పించి చూసుకోమనండి. ఎవరైనా నోటీసు తెస్తే వెనక యాభైమంది ఉన్నా చివరిదాకా చదవండి. జీతం ఏ పేరు మీద వస్తుందో ఆ పేరే అప్పు ఖాతాకూ ఉందో లేదో చూడండి. 'తెలియదు, కనుక్కుని చెబుతాను' అనే మాట అద్దం ముందు నిలబడి సాధన చేయండి. నాకు ఆ మాట నోటికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

రిజిస్ట్రేషన్

మంచిర్యాలలో రిజిస్ట్రేషన్‌కు సాక్షి సంతకానికి నేనే వెళ్లాను. అప్పు రాజయ్య పేరు మీద వచ్చింది కాబట్టి ఇల్లూ రాజయ్య పేరు మీదే రావాలి. అంటే ముప్పై ఏళ్లు గనిలో చెమటోడ్చిన మనిషి, కొన్న ఇంట్లో కూడా పేరు లేకుండా ఉండాలి. అది నాకు మింగుడుపడలేదు. కనీసం లచ్చవ్వను కూడా కొనుగోలుదారుగా పెట్టండని పట్టుబట్టాను. ఊళ్లోనూ కంపెనీలోనూ బ్యాంకులోనూ ఆమెకు ఒక్కటే పేరు. బ్యాంకు ఒప్పుకుంది.

గుమాస్తా కాగితాలు ముందేసుకుని ఆమెను అడిగాడు. "పేరు?"

"లచ్చవ్వ."

"భర్త పేరు?"

ఆమె వయసు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. నా బల్ల దగ్గర ఎన్నేళ్లు చూశానో, ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు, పక్కవాళ్లను చెప్పమని సైగ చేస్తారు. ఈమె తడబడిందంటే ఆయన తొందరలో ఏ పేరు అనేస్తాడో తెలియదు. నేనే చెబుదామని ముందుకు వంగాను.

"రాజయ్య" అంది లచ్చవ్వ, గది అంతా వినబడేలా.

గుమాస్తా తలెత్తి నవ్వాడు. "మొగని పేరు గింత ధైర్నంగ చెప్పేటామెను ఇయ్యాల్నే చూస్తున్న." పక్కన ఆయన తల దించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాజయ్య అని సంతకం పెట్టాడు. నేను సాక్షి సంతకం పెట్టాను. ఇల్లు వాళ్లదైంది.

ఆయన కాగితాల నకళ్ల కోసం లోపలే ఆగాడు. మేమిద్దరం బయటికి వచ్చాం. "భయపడ్డ అక్కా, నువ్వు పేరు అననేమో అనుకున్న" అన్నాను.

ఆమె నన్ను చూసి తేలిగ్గా నవ్వింది. "అది మా ఆయిన పేరు గాదు గద చెల్లె. గా పేరు ఎన్నిసార్లన్న అంట." కొంగు భుజం మీదికి లాక్కుంది. "అసలు పేరు ఇంక నా నోట్లనే ఉన్నది. గదొక్కటి ఎవలు తీస్కపోలే."